రీలు ఎన్ని నిమిషాలు కడగాలి? బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి మీ సొంత టైమ్ కనుక్కునే పద్ధతి

మే నెల, విజయవాడ. మా పిన్ని కూతురి ఓణీల ఫంక్షన్‌లో తీసిన రీలు ఆ రాత్రే ఇంట్లో కడిగాను. డెవలపర్‌లో, అంటే ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే మందులో, ఎంతసేపు ఉంచాలో చెప్పే కంపెనీ చార్టులో 11 నిమిషాలు అని ఉంది, 11 నిమిషాలే ఉంచాను. అది 20 డిగ్రీల నీళ్లకి రాసిన లెక్క. రాత్రి పది దాటింది కదా, పంపు నీళ్లు చల్లబడే ఉంటాయనుకుని థర్మామీటర్ పెట్టలేదు. మర్నాడు అదే వేళకి కొలిస్తే 31. ఆ వేడికి సరిపడే టైమ్ సుమారు 4 నిమిషాలు. అంటే దాదాపు మూడింతల సేపు ఉంచేశాను. ఆరిన నెగెటివ్‌ని కిటికీకి అడ్డం పెట్టి చూస్తే తారు పూసినట్టుంది. ఓణీ మీద జరీ లేదు, పిల్ల బుగ్గ మీద వెలుగు లేదు, అంతా ఒకటే నలుపు. ఆ ఫంక్షన్ మళ్లీ చేయరు.

అప్పటినుంచి ఏ ఫిల్మ్ అయినా, ఏ డెవలపర్ అయినా, ముఖ్యమైన ఫోటోలకి వాడే ముందు ఒక రీలు పరీక్షకి కేటాయిస్తున్నాను. ఒక రీలు, ఒక ఆదివారం, అంతే ఖర్చు. ఇంట్లో ఒకటి రెండు సార్లు రీలు కడిగి, "వచ్చింది గానీ ఎందుకో సరిగ్గా లేదు" అనుకునే వాళ్ల కోసం ఆ పద్ధతి రాస్తున్నాను.

టైమ్ దేన్ని మారుస్తుందో ముందు చూడండి

నెగెటివ్‌లో అంతా తలకిందులు. దృశ్యంలో చీకటిగా ఉన్నవి పలచగా, వెలుగుగా ఉన్నవి దట్టంగా వస్తాయి. డెవలపర్ పోయగానే నీడల భాగాల్లో ఉన్న కాస్త పని మొదట్లోనే చాలావరకు అయిపోతుంది. అక్కడ వెలుతురు తగిలిన వెండి రేణువులే తక్కువ. వెలుగు భాగాల్లో మాత్రం పని సాగుతూనే ఉంటుంది, ఇంకో రెండు నిమిషాలు ఉంచితే ఇంకాస్త దట్టమవుతుంది. అందుకే నీడలో వివరం ఉందా లేదా అన్నది కెమెరాలోనే, ఎక్స్‌పోజర్ దగ్గరే తేలిపోతుంది. తెలుపు ఎంత దట్టంగా రావాలన్నది ట్యాంకులో, అంటే ఫిల్మ్ కడిగే డబ్బాలో తేలుతుంది.

ఇంగ్లండ్‌లో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లోనే దీన్ని కొలిచి గీతగా గీసి చూపించారు. ఆ తర్వాత 1940 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి దాన్ని ఫోటోగ్రాఫర్లు వాడుకోగలిగే జోన్ సిస్టమ్‌గా మలిచారు. ఇక్కడ మనం చేసేది దానికే ఇంట్లో పనికొచ్చే చిన్న రూపం.

చార్టులో ఉన్న అంకె ఎక్కడిదని అడగొచ్చు. కంపెనీ వాళ్లు తమ ల్యాబ్‌లో, తమ నీళ్లతో, తమ పద్ధతిలో ట్యాంకు తిప్పి కనుక్కున్న టైమ్ అది. అబద్ధం కాదు, కానీ అది మొదలుపెట్టడానికే. ఇల్‌ఫర్డ్ వాళ్ల హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్ తీసుకోండి. ఇల్‌ఫర్డ్ ఐడీ-11, కోడాక్ డి-76 అనే రెండు డెవలపర్ల ఫార్ములా దాదాపు ఒక్కటే. నీళ్లు కలపకుండా వాడితే హెచ్‌పీ5కి రెండింటికీ 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలే ఇచ్చారు. సగానికి సగం నీళ్లు కలిపితే మాత్రం ఐడీ-11కి 13 నిమిషాలు, డి-76కి 11 నిమిషాలు. ఒకే కంపెనీ ఇచ్చిన కాగితంలోనే ఇంత తేడా ఉంటే, మీ వంటింటి పక్క బాత్రూమ్‌లో ఇంకెంత తేడా రావచ్చు!

ముందు మీ డిగ్రీ తేల్చుకోండి

మన దగ్గర 20 డిగ్రీల కోసం పోరాడకండి. డిసెంబర్, జనవరిలో తప్ప అది మన నీళ్ల ఉష్ణోగ్రత కాదు. ఐస్ వేసి 20కి దించినా, ట్యాంకులో పోసిన మూడో నిమిషానికే మళ్లీ పైకి పాకుతుంది. ఏ డిగ్రీ దగ్గరైతే పది నిమిషాలపాటు కదలకుండా నిలబెట్టగలరో అదే మీ డిగ్రీ. ఇంట్లో ఏసీ ఉంటే 24 హాయిగా కుదురుతుంది. డెవలపర్, నీళ్లు, ఫిక్సర్ (తేలిన బొమ్మని నిలిపే మందు) సీసాల్లో పోసి, ముందురోజు రాత్రే ఏసీ గదిలో పెట్టేయండి. పొద్దున్నకి అన్నీ గది వేడికే దగ్గరగా వచ్చి ఉంటాయి.

డిగ్రీ మారితే టైమ్ ఎలా మార్చాలో ఇల్‌ఫర్డ్ వాళ్లు సులువైన కొలత ఇచ్చారు. 20 దగ్గర 4 నిమిషాలు అయితే, 23 దగ్గర 3 నిమిషాలు. అంటే మూడు డిగ్రీలు పెరిగితే టైమ్‌లో నాలుగో వంతు తగ్గుతుంది. ఆ లెక్కన హెచ్‌పీ5ని డి-76 సగంపాళ్లలో కడిగితే 20 దగ్గర 11 నిమిషాలు, 22 దగ్గర 9, 24 దగ్గర ఏడున్నర, 26 దగ్గర 6 నిమిషాల పైచిలుకు. 30 దగ్గర 4 నిమిషాల చిల్లరే. 5 నిమిషాల కన్నా తక్కువకి దిగకండి. డెవలపర్ పోయడానికీ పారబోయడానికీ పట్టే సెకన్లే అందులో పెద్ద భాగం అయిపోయి, నెగెటివ్ మీద ఎగుడుదిగుడు మచ్చలు వస్తాయి. నీళ్లు కలపని డెవలపర్ మన వేసవికి పనికిరానిది ఇందుకే. 24 దగ్గరే ఏడున్నర కాస్తా 5 అయిపోతుంది.

ఏసీ లేని వాళ్లకి దారి ఉంది. ఐడీ-11ని ఒకటికి మూడు పాళ్ల నీళ్లు కలిపి వాడితే హెచ్‌పీ5కి 20 దగ్గర 20 నిమిషాలు. 28 దగ్గర అది 9 నిమిషాల పైన ఉంటుంది, చేతిలో కావలసినంత సమయం ఉన్నట్టే. అయితే రీలుకి సరిపడా అసలు డెవలపర్ ఉండాలి కాబట్టి రెండు రీళ్ల ట్యాంకులో 600 మి.లీ. పోసి ఒక్క రీలే కడగండి.

థర్మామీటర్‌ని కూడా ఒకసారి పరీక్షించండి. ఐస్‌ని బాగా దంచి, అది మునిగేంత నీళ్లే పోసి, కలిపి అందులో పెడితే సున్నా చూపించాలి. తర్వాత గోరువెచ్చని నీళ్లలో దాన్నీ, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్‌నీ కలిపి పెట్టి, 37 దగ్గర రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూడండి. ఒక డిగ్రీ తేడా ఉన్నా కంగారు లేదు. ఎప్పుడూ అదే థర్మామీటర్ వాడితే ఆ తేడా మీ టైమ్‌లోనే కలిసిపోతుంది.

పంచె, గొంగళి

పరీక్షకి ఫోటో తీయాల్సిన దృశ్యంలో రెండు ఉండాలి, నేత కనిపించే నలుపు, మడతలు కనిపించే తెలుపు. నేను దండెం మీద ఒక నల్ల గొంగళి, దాని పక్కన ఉతికిన తెల్ల పంచె ఆరేస్తాను. గొంగళి కన్నా మంచి పరీక్షవస్తువు నాకు దొరకలేదు. దగ్గరకెళ్లి చూస్తే ఉన్ని పోగులు, మధ్యమధ్య తేలిన బూడిదరంగు వెంట్రుకలు, ముతక నేత అన్నీ కనిపిస్తాయి. నాలుగడుగులు వెనక్కి వస్తే ఒట్టి నలుపు. ఆ పోగులు నెగెటివ్‌లో నిలిచాయంటే మీ నీడలు నిలిచినట్టే. గొంగళి లేకపోతే ముదురురంగు ఉన్ని శాలువా, తెల్ల టర్కీ టవల్ పెట్టుకోండి. మధ్యలో ఎవరైనా ఓపిగ్గా కూర్చుంటే ఇంకా మంచిది, చివరికి మనం చూసేది మనిషి ముఖమే కదా.

పొద్దున ఎనిమిదింటప్పుడు, ఎండ నేరుగా పడని, ఆకాశం తెరిచి ఉన్న నీడలో తీయండి. లైట్ మీటర్‌లో ఫిల్మ్ వేగం (ఐఎస్‌ఓ) 400 మీద పెట్టి, గొంగళి దగ్గరకి వెళ్లి, ఫ్రేమ్ నిండా అదే ఉండేలా కొలవండి. మీ నీడ దాని మీద పడనివ్వకండి. సెకన్‌లో 125వ వంతు, ఎఫ్ 2.8 అని చెప్పిందనుకోండి. మీటర్‌కి గొంగళి నల్లదని తెలియదు, దాన్ని మధ్యరకం బూడిదరంగు చేయబోతుంది. అందుకని రెండు స్టాపులు తగ్గించి (ఒక్కో స్టాప్‌కి వెలుతురు సగమవుతుంది) ఎఫ్ 5.6 పెట్టండి. ఇది 400 ఫ్రేమ్. ఒక స్టాప్ తెరిచి ఎఫ్ 4 పెడితే 200 ఫ్రేమ్, ఎఫ్ 8 పెడితే 800 ఫ్రేమ్. ఒక్కో ఫ్రేమ్‌లో ఆ అంకె పెద్దగా రాసిన కాగితం పంచెకి పిన్ను పెట్టండి, తర్వాత వెతుక్కునే పని ఉండదు.

200, 400, 800, మళ్లీ 200, 400, 800. ఇలా 36 ఫ్రేములూ అయిపోయేదాకా తీయండి. రీలు ఎక్కడ కత్తిరించినా ప్రతి ముక్కలో మూడు రకాలూ ఉండాలన్నదే ఇందులో కిటుకు. పది నిమిషాల్లో ముగించండి, నాలుగైదు వరసలకి ఒకసారి వెలుతురు మారిందేమో మళ్లీ కొలవండి.

చీకట్లో మూర

ఒక ఫ్రేమ్, దాని పక్క ఖాళీ కలిపి 38 మిల్లీమీటర్లు. పన్నెండు ఫ్రేములు అంటే 45 సెంటీమీటర్ల పైన కొద్దిగా. మోచేతి నుంచి మధ్యవేలి కొసదాకా మూర. పూలమ్మే ఆవిడ కొలిచినట్టు, చీకట్లో చేత్తోనే కొలిచి కత్తిరించొచ్చు. ముందు పనికిరాని ఫిల్మ్ ముక్కతో వెలుతురులో ఒకసారి అలవాటు చేసుకోండి. ఒక మూర కత్తిరించి ట్యాంకు లోపలి రీల్‌కి (ఫిల్మ్ చుట్టే చక్రానికి) చుట్టి ట్యాంకులో పెట్టి మూత బిగించండి. మిగతా రెండు ముక్కలు వెలుతురు చొరని డబ్బాల్లో విడివిడిగా పెట్టి, పైన నల్ల కవరు చుట్టండి. చివరి ముక్క కాస్త పొడుగ్గా వస్తుంది, ఫర్వాలేదు.

వేసవిలో చేంజింగ్ బ్యాగ్‌లో (చేతులు దూర్చి పనిచేసే, వెలుతురు చొరని సంచిలో) చేతులు చెమట పట్టి ఫిల్మ్ అతుక్కుంటుంది. రీలు ఎక్కక టెన్షన్ పడి లాగితే మడత పడుతుంది. అలాంటప్పుడు నేను ఫిల్మ్‌ని డబ్బాలో పెట్టేసి, చేతులు బయటికి తీసి, తుడుచుకుని, నీళ్లు తాగి మళ్లీ మొదలుపెడతాను. రాత్రిపూట తలుపు సందులో తువ్వాలు దోపిన బాత్రూమ్ అయినా మంచిదే. ప్లాస్టిక్ రీల్ మాత్రం పూర్తిగా ఆరి ఉండాలి.

మూడు ముక్కలు, మూడు టైమ్‌లు

24 డిగ్రీలు, డి-76 సగంపాళ్లు అనుకుని చెబుతున్నాను. మొదటి ముక్క 6 నిమిషాలు, రెండోది ఏడున్నర, మూడోది 9. మధ్యది చార్టు లెక్క, తక్కినవి అయిదో వంతు తక్కువ, అయిదో వంతు ఎక్కువ. ఒక్కో ముక్కకి 150 మి.లీ. డెవలపర్, 150 మి.లీ. నీళ్లు కొత్తగా కలపండి, వాడాక పారబోయండి. నీళ్లకి ఫిల్టర్ నీళ్లు తీసుకోండి, బోరు నీళ్లలో ఉప్పు ఊరికీ ఊరికీ మారుతుంది. గ్లవ్స్ వేసుకోండి. ఈ డెవలపర్లలో ఉండే మెటాల్ కొందరి చర్మానికి పడదు. వంటకి వాడే మగ్గులు, గరిటెలు ఈ పనికి తీయకండి.

ట్యాంకుని మరచిపోకండి. 34 డిగ్రీల గదిలో ఉన్న ట్యాంకులో 24 డిగ్రీల డెవలపర్ పోస్తే అది వెంటనే వేడెక్కుతుంది. టబ్బులో 24 డిగ్రీల నీళ్లు పట్టి, ట్యాంకుని, సీసాలని అయిదు నిమిషాలు అందులో నిలబెట్టండి. నీళ్లు వేడెక్కుతుంటే ఒకటి రెండు ఐస్ ముక్కలు టబ్బులో వేయండి, డెవలపర్‌లో వేయకండి.

డెవలపర్ పోయడం పూర్తవగానే టైమ్ మొదలుపెట్టండి. మొదటి 10 సెకన్లలో నాలుగుసార్లు ట్యాంకుని తలకిందులు చేసి నిలబెట్టండి. గాలి బుడగలు వదిలేలా అడుగుని ఒకసారి తట్టండి. ఆ తర్వాత ప్రతి నిమిషం మొదటి 10 సెకన్లలో నాలుగుసార్లు. ఇది ఇల్‌ఫర్డ్ పద్ధతి. ప్రతి 30 సెకన్లకీ తిప్పే కోడాక్ పద్ధతైనా సరే, ఏదో ఒకదానికి కట్టుబడి ఉండండి. ఎక్కువ తిప్పితే ఎక్కువసేపు ఉంచినట్టే పనిచేస్తుంది. అందుకే పక్కవాడి టైమ్ మీకు కుదరదు. వాళ్ల చెయ్యి వేరు, మీ చెయ్యి వేరు. చివరి 10 సెకన్లు ఉండగా పారబోయడం మొదలుపెట్టండి. అప్పుడే డెవలపర్ వేడి కొలిచి రాసుకోండి. 24తో మొదలై 25తో ముగిస్తే మీ డిగ్రీ 24.5 అన్నమాట.

స్టాప్ బాత్ (డెవలపర్ పనిని ఆపే మందు), ఫిక్సర్, కడుగు నీళ్లు కూడా 24కి దగ్గరగానే ఉంచండి. ఫిక్సర్ బాగుందో లేదో తెలియాలంటే ఫిల్మ్ మొదట్లో ఉండే నాలుక ముక్కని అందులో వేసి, ఎంతసేపటికి తేటపడిందో చూసి, దానికి రెట్టింపు సేపు ఫిక్స్ చేయండి. తర్వాత ట్యాంకు నిండా నీళ్లు పోసి 5 సార్లు తిప్పి పారబోయండి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. నీళ్ల కరువున్న ఊళ్లలో ఈ పద్ధతి చాలా ఆదా. ఫ్యాన్ కింద మాత్రం ఆరేయకండి, దుమ్మంతా దాని మీదే.

దినపత్రిక మీద పెట్టి చదవండి

తడి నెగెటివ్‌ని నమ్మకండి, పూర్తిగా ఆరాక చూడండి. మొదట అంచున ఉండే కంపెనీ పేరు, ఫ్రేమ్ అంకెలు చూడండి. వాటికి వెలుతురు ఫ్యాక్టరీలోనే ఇచ్చేశారు, మీ కెమెరాతో సంబంధం లేదు. మూడు ముక్కల అంచులు పక్కపక్కన పెడితే 6 నిమిషాల అక్షరాలు బూడిదరంగులో, 9 నిమిషాలవి కాటుకలా ఉంటాయి. కేవలం టైమ్ చేసిన తేడా అక్కడే కళ్లకు కడుతుంది.

తర్వాత గొంగళి. ఏ ముక్కయినా తీసుకుని 200, 400, 800 వరసగా చూడండి. రంధ్రాల మధ్య ఉండే ఖాళీ ఫిల్మ్ ఎంత తేటగా ఉందో గొంగళి కూడా అంతే తేటగా ఉంటే ఆ ఫ్రేమ్‌లో నీడ పోయినట్టు. ఆ తేటదనం మీద సన్నగా పోగులు కనిపించే మొదటి ఫ్రేమ్ ఏది? నాకు 400లో పోగులు ఉన్నాయా లేవా అన్నట్టుండి, 200లో స్పష్టంగా నిలిచాయి. అందుకే నేను ఈ ఫిల్మ్‌కి మీటర్ 250 మీద పెడతాను. ఏ ముక్కలోనూ నీడ లేకపోతే అది టైమ్ తప్పు కాదు, వెలుతురు చాలలేదు. నిమిషాలు పెంచి దాన్ని తేలేరు.

ఇప్పుడు పోగులు స్పష్టంగా నిలిచిన ఫ్రేమ్‌ని (నాకైతే 200) మూడు ముక్కల్లోనూ తీసుకోండి. పగటి వెలుతురు పడే కిటికీ దగ్గర దినపత్రిక పరిచి, మామూలు వార్తల అచ్చు మీద నెగెటివ్ పెట్టండి. పంచె అన్నిటికన్నా నల్లగా ఉంటుంది. దాని గుండా కింది అక్షరాలు కష్టపడి చదవగలిగితే టైమ్ సరిపోయింది. ఇట్టే చదివేస్తే తక్కువైంది. అక్షరాలు మాయమైతే ఎక్కువైంది. నా పరీక్షలో 6 నిమిషాల ముక్కలో వార్త మొత్తం చదువుకోవచ్చు. 9లో నల్లని గోడ. ఏడున్నరలో అక్షరాలు ఉన్నాయని తెలుస్తోంది గానీ గుణింతాలు పోల్చుకోలేకపోయాను, సున్నా ఏదో విసర్గ ఏదో తెలియలేదు. అందుకని అర నిమిషం తగ్గించి 7 దగ్గర ఆగాను.

ప్రింట్ చేసే వాళ్లు ఇంకో అడుగు వేయాలి. ఖాళీ ఫిల్మ్ అంచు పేపర్ మీద పూర్తి నలుపుగా మారడానికి పట్టే అతి తక్కువ ఎక్స్‌పోజర్ కనుక్కోండి. మూడు ముక్కలకీ అదే ఎక్స్‌పోజర్‌తో, మధ్యరకం గ్రేడ్ పేపర్ మీద కాంటాక్ట్ ప్రింట్ (నెగెటివ్‌ని పేపర్‌కే ఆనించి తీసే ప్రింట్) తీయండి. పంచె తెల్లగా ఉంటూ మడతలు పోకుండా వచ్చిన ముక్క మీది. కెమెరాతో స్కాన్ చేసే వాళ్లు ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టి మూడింటికీ అదే ఉంచండి. ఆటోలో వదిలేస్తే అది తేడాలన్నీ సరిచేసేసి, పరీక్ష ఫలితమే చెరిపేస్తుంది.

ఆ తర్వాత మామూలు రీలు కడిగేటప్పుడు ఒక జాగ్రత్త. పరీక్షలో మూడో వంతు రీలుకే 150 మి.లీ. అసలు డెవలపర్ దొరికింది. పూర్తి రీలుని అదే 300 మి.లీ.తో కడిగితే డెవలపర్ అలిసిపోతుంది. కోడాక్ వాళ్లు ఇలాంటప్పుడు టైమ్ పదో వంతు పెంచమంటారు. నేను మాత్రం రెండు రీళ్ల ట్యాంకులో 600 మి.లీ. పోసి, ఒక్క రీలు పెట్టి, టైమ్ మార్చకుండా కడుగుతాను.

ఎండకీ ముసురుకీ

ఈ టైమ్ మామూలు వెలుతురికి. ఏప్రిల్ మధ్యాహ్నం బజారులో తీస్తే నడినెత్తి ఎండ, పందిరి కింద చీకటి. అప్పుడు ఒక స్టాప్ ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇచ్చి, టైమ్ 15 నుంచి 20 శాతం తగ్గించండి. 7 కాస్తా 6 నిమిషాల లోపు అవుతుంది. శ్రావణంలో ముసురు పట్టిన రోజు మొత్తం రీలు తీస్తే అంతే శాతం పెంచండి, లేకపోతే ఫోటో అంతా బూడిద పూసినట్టుంటుంది. రీలు మధ్యలో వెలుతురు మారితే రెండింటికీ మధ్యస్థంగా ఉండే టైమ్‌తో సర్దుకోవాల్సిందే.

గుళ్లో దీపాల దగ్గర 1600 మీద పెట్టి తీసి, కడగడంలో ఎక్కువసేపు ఉంచి లాగుతామనే వాళ్లకి ఒక మాట. నీళ్లు కలపని ఐడీ-11లో దానికి 20 దగ్గర 14 నిమిషాలు, 24 దగ్గర తొమ్మిదిన్నర. ముఖాలు వస్తాయి, మూలల్లో చీకటి చీకటిగానే ఉంటుంది.

బీరువాలో పాత రీలు ఏదైనా దొరికితే, ముఖ్యంగా ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల ఇందు డబ్బా కనిపిస్తే, దాంతో ఈ పరీక్ష చేయకండి. ఏళ్ల తరబడి వేడికి ఫిల్మ్ అంతా మసక పట్టి ఉంటుంది, అది చెప్పే టైమ్ ఇంకే రీలుకీ పనికిరాదు. దాచుకోండి.

తేలిన టైమ్‌ని డెవలపర్ సీసా మీదే తెల్ల టేపు అంటించి రాయండి. నా సీసా మీద ఇలా ఉంది: హెచ్‌పీ5, మీటర్ 250, డి-76 సగంపాళ్లు, 24 డిగ్రీలు, 7 నిమిషాలు, నిమిషానికి నాలుగు తిప్పులు, 600 మి.లీ. పక్కన డెవలపర్ కలిపిన తేదీ. ట్యాంకు మారినా, థర్మామీటర్ పగిలి కొత్తది కొన్నా, ఇల్లు మారి నీళ్లు మారినా ఆ టేపు పీకేసి, దండెం మీద మళ్లీ గొంగళి ఆరేస్తాను.